అయిదు లోపు ఒక సంతకం

"సాయంత్రం అయిదు లోపు ప్రెసిడెంట్ చేత ఒక సంతకం పెట్టించుకు రావాలి. ఇదే నీ మిషన్," అన్నాడు చీఫ్.

ఏజెంట్ పదకొండు తన చెవులను తానే నమ్మలేకపోయాడు. పరిగెత్తే రైళ్ళ మీదినుంచి దూకినవాడు, మూడు దేశాల పోలీసుల కళ్ళల్లో దుమ్ము కొట్టినవాడు!

"బంట్రోతు పని నాకెందుకు సార్?"

"తొమ్మిది రోజులుగా బంట్రోతుల వల్ల కాలేదు కాబట్టి."

చీఫ్ గోడ మీది హార్బర్ మ్యాప్‌లో ఒక ఎర్ర చుక్క చూపించాడు. అది విదేశీ కంపెనీ గోడౌన్. ఆ దేశంతో చేసుకున్న పాత ఒప్పందం ప్రకారం దాని గేటు లోపలికి మన పోలీసులు అడుగు పెట్టకూడదు. లోపల కంపెనీ బోర్డు కింద కాపురం చేస్తున్నది గూఢచారి ముఠా.

"ఆ ఒప్పందాన్ని రద్దు చేసే బిల్లు సభలో గెలిచింది. పది రోజుల్లోగా ప్రెసిడెంట్ సంతకం పెట్టాలి, లేదా కారణం రాసి వెనక్కి పంపాలి. రెండూ చెయ్యకపోతే బిల్లు చచ్చినట్టే. ముఠావాళ్ళు ఎవరి చేయి తడిపారో గానీ, ఫైలు తొమ్మిది రోజులు బల్ల బల్లకీ ఊరేగింది. పదో రోజు ఇవాళే."

"మా బావ?"

"ప్రాణాలతోనే ఉన్నాడు. శనివారం ఓడ ఎక్కిస్తారట. ఎక్కిస్తే ఇక మనకు దక్కడు."

పదకొండు బావ కస్టమ్స్ ఇన్‌స్పెక్టర్. మూడు రోజుల కిందట ఆ గేటు దగ్గర పెట్టెలు లెక్కపెడుతూ మాయమయ్యాడు. పొద్దున్నే అక్క ఫోన్ చేసి, "అంత పెద్ద ఉద్యోగం వెలగబెడుతున్నావు, ఒక్క తాళం పగలగొట్టలేవురా?" అని ఏడ్చింది. అతను సరిహద్దులు దాటి ఎన్ని తాళాలు పగలగొట్టాడో! సొంత ఊళ్ళో ఈ ఒక్కటీ పగలగొడితే ఆ మర్నాడే యుద్ధం.

పదకొండు నెరిసిన మీసం అతికించుకుని, గుమాస్తా కోటు తొడిగి, ఫైలు చంకన పెట్టి బయల్దేరాడు. జేబులో పెన్ను పిస్టల్, బూటు మడమలో వైర్‌లెస్, కోటు గుండీలో కెమెరా. ప్రెసిడెంట్ భవనం వెనక గుమ్మంలో గార్డు, "గొడుగు తెచ్చారా?" అని అడిగాడు. "వాన వెలిసింది," అన్నాడు. తలుపు తెరుచుకుంది.

ప్రెసిడెంట్‌కు డెబ్బై ఏళ్ళు. ఒకప్పుడు హెడ్‌మిస్ట్రెస్. పరీక్ష పేపర్లు దిద్దుతున్నట్టు పెన్సిల్ పట్టుకుని మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టారు. మూడయింది. మూడున్నర అయింది. పదకొండు గడియారం కేసే చూస్తున్నాడు. బాంబుల మధ్య కూడా ఇంత చెమట పట్టలేదతనికి.

నాలుగుంపావుకు పెన్సిల్ ఆగింది.

"ప్రతి పేజీ మీదా సభ కార్యదర్శి పొట్టి సంతకం ఉండాలి నాయనా. పద్నాలుగో పేజీ మీద లేదు."

"ఆయన్ని పిలిపిస్తాను మేడమ్!"

"విమానంలో ఉన్నాడు. ఎవరో మీటింగుకని పిలిచారట. రేపు గాని దిగడు."

"మేడమ్, ఆ గోడౌన్‌లో మా బావ ఉన్నాడు. మీరు ఒక్క మాట చెప్పండి, గేటు బద్దలు కొడతాం."

ఆవిడ కళ్ళద్దాలు తీసి అతనికేసి జాలిగా చూశారు. "చట్టం ఉంటే అమలు చేయించడం నా పని. లేని చట్టాన్ని నా నోటితో పుట్టించలేను. నాకు మాత్రం బాధ లేదనుకున్నావా?" అని, పాత రూల్సు పుస్తకం వెతకడానికి పక్క గదిలోకి వెళ్ళారు.

పదకొండు తల పట్టుకున్నాడు. అప్పుడు మూసిన తలుపు తెరుచుకుని సన్నని సెంటు వాసన వచ్చింది.

గుమ్మంలో నెమలి. ప్రెసిడెంట్ ఆఫీసులో టైపిస్టు. ముఠాలో చేరినట్టు నటిస్తూ మనకు రహస్యాలు అందించే డబుల్ ఏజెంట్. ఆమె నవ్వితే ఫైళ్ళు వాటంతటవే కదులుతాయని ఆఫీసులో ఒక జోకు.

"సంతకాల ఫోర్జరీలో నువ్వు ఫస్టట కదా?" ఆమె గుసగుసగా అంది. "పద్నాలుగో పేజీ మీద రెండక్షరాలు గీకెయ్. మీ బావ బతుకుతాడు."

అతని చేయి బల్ల మీది పెన్ను తీసింది. కాయితం మీదికి వంగింది. ఎదురుగా అక్క ముఖమే కనిపిస్తోంది. రెండక్షరాలు! రెండు సెకన్ల పని!

పెన్ను ఆగింది.

"పద్నాలుగని నీకెవరు చెప్పారు? తలుపు మూసి ఉందిగా?"

నవ్వు ఆమె పెదవుల మీదే ఎండిపోయింది.

అతనికి అంతా అర్థమైంది. నెమలి నిజంగా ముఠా మనిషే; ఆమె ఫైల్లోంచి మార్చేసిన, సంతకం ఉన్న అసలు పేజీ ముఠా చేతిలో ఉంది. తను ఫోర్జరీ చేస్తే, రేపు దాన్ని కోర్టులో చూపించి మొత్తం చట్టాన్నే కొట్టించేస్తారు. గీకితే బావ పోతాడు, గీకకపోయినా పోతాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"నన్ను పట్టుకుని ఏం చేస్తావ్?" అంది నెమలి. "చట్టం ఇంకా పుట్టలేదుగా?"

"ఫైల్లో పేజీ మార్చితే జైలు," అన్నారు ప్రెసిడెంట్ గుమ్మంలోంచి, చేతిలో రూల్సు పుస్తకంతో. "ఆ చట్టం నేను పుట్టకముందు నుంచీ ఉందమ్మా. గార్డ్!"

గార్డు నెమలిని తీసుకుపోయాడు. గడియారం నాలుగూ నలభై అయిదు.

"సంతకం పెట్టలేను, ఊరుకుంటే బిల్లు చస్తుంది," అన్నారు ఆవిడ కాయితం లాక్కుంటూ. "కారణం రాసి వెనక్కి పంపుతాను."

"సభ సెలవుల్లో ఉంది మేడమ్!"

"సెలవులు రద్దు చేసి పిలిచే అధికారం నాదే. మళ్ళీ ఓటేసి గెలిపిస్తే, ఇష్టం ఉన్నా లేకపోయినా నేను సంతకం పెట్టి తీరాలి."

"ఓడిపోతే?"

ఆవిడ రాస్తూనే ఉన్నారు. "ఓడిపోతే నువ్వూ నేనూ చేయగలిగింది లేదు."

ఒక నిమిషం తక్కువ అయిదుకు రిజిస్టర్ గుమాస్తా కాయితం మీద ముద్ర కొట్టాడు. పదకొండు గోడకు చేరగిలబడిపోయాడు.

గురువారం సభలో బిల్లు మూడు ఓట్ల తేడాతో మళ్ళీ గెలిచింది. శుక్రవారం పొద్దున ప్రెసిడెంట్ సంతకం, మధ్యాహ్నం గెజెట్, సాయంత్రం పోలీసులకు ఆర్డరు. శనివారం ఓడ రెండో కూత వేస్తుండగా గోడౌన్ గేటు విరిగింది. మాసిన గడ్డంతో, నిలబడలేని కాళ్ళతో బయటికి వచ్చిన బావను పదకొండు గట్టిగా వాటేసుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"నువ్వు వస్తావని తెలుసురా," అన్నాడు బావ. "నా కోసం ఎంతమందిని కాల్చావు?"

"ఎవర్నీ లేదు బావా. సభ గ్యాలరీలో కూర్చుని ఓట్లు లెక్కపెట్టాను."