మగ్గం గుంటలో ఎర్తు కడ్డీ

నగరిలో కూర్చొని రేడియో వినాలనుకోవడమే ఒక పిచ్చి. మునిశేఖర్ ఉండే వీధిలో మరమగ్గం లేని ఇల్లు వెతికినా దొరకదు. తెల్లారి మొదలైన దడదడ పొద్దుగూకినా ఆగదు. ఇంట్లో మనిషికి మంచినీళ్లు కావాలన్నా కేక వెయ్యాల్సిందే. అలాంటి చోట అతను షార్ట్‌వేవ్ రేడియో కిట్టు పార్శిల్లో తెప్పించుకున్నాడు. అదీ ఈ కాలపు చిప్పులది కాదు, గాజు వాల్వులది.

"ఫోన్లో లేని పాట ఏముండాది దాంట్లో?" అంది భార్య ఉదయలక్ష్మి.

"పాట కోసరం కాదు. యాడో దూరంలో ఎవరో మాట్లాడితే అది నేరుగా వచ్చి నా చెవిలో పడాల. మద్దెలో ఎవురూ ఉండకూడదు."

ఆమెకు అర్థం కాలేదు. అంతకంటే చెప్పడం అతనికీ చేతకాలేదు.

మగ్గాల పని అయ్యాక రోజూ కాసేపు కూర్చొని టంకం పెట్టుకున్నాడు. గొట్టానికి రాగి తీగ చుట్టి కాయిల్ చేశాడు. రెండు వాల్వులనూ కోడిగుడ్లు పట్టుకున్నంత జాగ్రత్తగా సాకెట్లలోకి దించాడు. చిన్న బ్యాటరీలు వరసగా జోడించాడు, మిద్దె మీద ఏరియల్ తీగ లాగాడు. స్విచ్చి వేస్తే వాల్వు లోపల సన్నటి ఎర్రని గీత వెలిగింది. హెడ్‌ఫోన్ పెట్టుకుంటే మాత్రం వీధిలోని మోటార్ల బుర్రుమనే రొద తప్ప ఏమీ లేదు. ఎర్తు సరిగ్గా ఉండాలి, తడిమట్టిలోకి ఇనుప కడ్డీ దించండి అని కిట్టుతో వచ్చిన కాగితంలో ఉంది.

ఇంటి చుట్టూ అంతా సిమెంటే. మట్టి ఉన్నది ఒక్కచోట, నడిమి గదిలో పాత మగ్గం గుంటలో. చేతి మగ్గాల రోజుల్లో నేసే మనిషి కాళ్లు దించుకుని కూర్చునే గుంట అది. ఇరవై ఏళ్ల కిందట పూడ్చేశారు. పైన సిమెంటు వేద్దామని ఎన్నిసార్లు అన్నా మునిశేఖర్ నాయన కుప్పయ్య ఒప్పుకోలేదు. పోనీ తానేమన్నా ఆ గదిని వాడుకుంటాడా అంటే, గడప కూడా తొక్కడు. అడిగితే ఆ గదిలో తనకి ఊపిరాడదంటాడు.

మునిశేఖర్ ఆ గుంట నడుమ కడ్డీ పెట్టి సుత్తితో కొట్టాడు. ఇన్నేళ్ల మట్టి గట్టిపడి ఉంటుందనుకున్నాడు. నాలుగు దెబ్బలకే పైకొసదాకా దిగిపోయింది. ఆ కొసకి తీగ కట్టి, పక్కనే పెట్టుకున్న రేడియోకి కలిపాడు. పని సులువైందని సంతోషించాడు గాని, ఎందుకు సులువైందో ఆలోచించలేదు.

కార్తీక మాసం, వాయుగుండం వాన. ఆ సాయంత్రం కరెంటు పోయింది. వీధిలో మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగాయి. అతనికి పండగే. హెడ్‌ఫోన్ తగిలించుకుని నాబ్ మెల్లగా తిప్పాడు. ఏవో చైనా మాటలు. ఎవరిదో ప్రార్థన. ఆ తర్వాత సన్నటి ఈల. ఆ ఈల అడుగున...

టక్... టక్...

చెవులు రిక్కించాడు. మరమగ్గం కాదు. కాళ్లతో తొక్కి, చేత్తో నేసే మగ్గం. కర్ర కిర్రుమంటోంది. నూలు కండె మోసే నాడె ఇటు నుంచి అటు పరుగెత్తుతోంది. పోగును బిగించే దెబ్బ పడుతోంది. టక్...

హెడ్‌ఫోన్ తీశాడు. వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. పెట్టుకున్నాడు. టక్. ఎర్తు తీగ ఊడబీకాడు. ఆగిపోయింది. మళ్లీ తగిలించాడు.

టక్...

ఆ గుంటలో కూర్చొని నేసింది ఈ ఇంట్లో ఇద్దరే. ఒకరు నాయన, ఇంకొకరు అన్న దయానంద్. నాయన ఎదురుగా పంచలో కూర్చొని వాన చూస్తున్నాడు. ఇక మిగిలింది అన్న.

మరమగ్గాలు పెడదామని అన్న, పెట్టేది లేదని నాయన, అప్పట్లో రోజూ కొట్లాట. మునిశేఖర్ నూలు తేవడానికి పొరుగూరికి పోయి మరునాడు తిరిగొచ్చేసరికి గుంట పూడి ఉంది. అన్న లేడు. నాయన పంచలో కాఫీ తాగుతున్నాడు. "వాడు బొంబాయి పక్కన భివండీ మగ్గాలకి పోయినాడు. సరేలే, మరమగ్గాలే పెట్టుకుందాం," అన్నాడు. అంత మొండిమనిషి ఒక్క రాత్రిలో ఎలా మారాడో అప్పుడు తోచలేదు. అన్న నుంచి మళ్లీ కబురు రాలేదు.

ఇప్పుడు తోచకూడనిదంతా తోస్తోంది. కన్నతండ్రి మీద ఇలాంటి అనుమానమా అని తనమీద తనకే అసహ్యం వేసింది. అయినా పంచలోకి పోయాడు.

"నాయనా, అన్న నిజంగా భివండీకే పోయినాడా?"

కుప్పయ్య వాన మీంచి చూపు తిప్పలేదు. "ఆ కడ్డీ పెరికెయ్ శేఖరా."

ఆ గదిలోకి తొంగిచూడని మనిషికి కడ్డీ సంగతి ఎవరు చెప్పారు? ఉదయలక్ష్మిని అడిగితే తాను చెప్పలేదంది.

మరునాడు పొద్దున్నే గంగాధరం దగ్గరికి పోయాడు. నగరి గుడ్డను భివండీకి లారీల్లో పంపే వ్యాపారి అతను. నాలుగు ఫోన్లు చేశాడు, సాయంత్రానికి నంబరు పట్టుకున్నాడు. "మీయన్న రాయి మాదిరి ఉండాడప్పా. ఆడ పెద్ద మేస్త్రీ అంట," అన్నాడు. మునిశేఖర్ మనసులోనే నాయన కాళ్ల మీద పడ్డాడు. ఏడుపు, నవ్వు రెండూ వచ్చాయి.

ఇల్లు చేరేసరికి మళ్లీ కరెంటు లేదు. నడిమి గదిలో రేడియో ముందు కూర్చుని, హెడ్‌ఫోన్ ఒక చెవికి, ఫోన్ ఒక చెవికి పెట్టుకున్నాడు.

"అన్నా... నేను, శేఖర్‌ని."

అవతల నుంచి గుసగుసగా, "పక్కన పోలీసోళ్లుండారా?"

"పోలీసోళ్లేంది? అందరం బాగుండాము. నాయన కూడా బాగుండాడు."

"ఏ నాయన్రా?"

"మన నాయనే. పంచలో కూసోనుండాడు."

"శేఖరా... ఆ పొద్దు కోపంలో తోసేసినాను. గుంటలో పడినాడు. మెడ ఇరిగిపోయింది. ఈ చేతుల్తోనే మన్ను కప్పినాను. ఆ పంచలో... ఎవురు?"

ఫోన్ చేతిలోంచి జారింది. రెండో చెవిలో టక్... టక్... వేగం పెరిగింది.

తలెత్తితే గడప అవతల కుప్పయ్య నిలబడి ఉన్నాడు.

"ఏమన్నాడు మీయన్న?"

"నువ్వు... ఎవురు?"

కుప్పయ్య జ్వరమొచ్చిన పిల్లవాణ్ణి చూసినట్టు చూశాడు. "టైఫాయిడ్‌తో నువ్వు పడుంటే తెల్లార్లూ తడిగుడ్డ ఏసినోణ్ణి. నీకి పెండ్లి చేసినోణ్ణి. అది చాలదా?"

నిజమే. అన్నీ నిజమే. ఈ ఇరవై ఏళ్లలో తనను ఒక్క మాట అన్న మనిషి కాదు. ఇంత భయంలోనూ ఆ మొహం మీద ప్రేమే కలిగింది, అదే ఎక్కువ భయపెట్టింది.

చెవిలో చప్పుడు ఆగిపోయింది.

హెడ్‌ఫోన్ లేని కుప్పయ్య కూడా తల ఎత్తాడు. మొదటిసారి ఆ ముసలి కళ్లలో బెదురు కనిపించింది.

"నేత అయిపోయింది," అన్నాడు మెల్లగా. "ఇంక మీ నాయన లేస్తాడు. బయటికి రా శేఖరా. తలుపెయ్."

మునిశేఖర్ తడుముకుంటూ తలుపు దగ్గరికి వచ్చాడు. వెనక మట్టి జారుతున్న చప్పుడు... చాలా నెమ్మదిగా. వంటింట్లోంచి ఉదయలక్ష్మి దీపం కోసం పిలుస్తోంది. ఆ తలుపుకి లోపలా గొళ్లెం ఉంది, బయటా ఉంది. ఒక చెయ్యి తలుపు మీద వేసి నిలబడ్డాడు. ఏ పక్కనుంచి పెట్టుకోవాలో అతనికి తెలియలేదు.