గంపలో రెండు పెట్టలు

వాయుగుండం దాటిపోయినా ముసురు మాత్రం చీమలగుట్ట తండాను వదల్లేదు. వానాకాలం పోయి చలికాలం ఇంకా రాని సందు రోజులవి. తెల్లవారితే అడవి మీంచి దిగే మంచు, మధ్యాహ్నం చుర్రుమనే ఎండ, పొద్దు వాలేసరికి మళ్ళీ చినుకులు. మనుషులకే తల దిమ్మెక్కే కాలం. ఇక కోళ్ళ సంగతి చెప్పేదేముంది?

కళ్యాణి పొద్దున్నే కోళ్ళ గూటి ముందు వంగి కూర్చుంది. రాత్రి జల్లు కొట్టి గూట్లో ఊకంతా ముద్దయింది. తడి ఊక లాగేసి, పొయ్యిలోని బూడిద చల్లి, దాని మీద పొడి ఊక పరిచింది. గూటి చుట్టూ కట్టిన పట్టా అంచును జానెడు పైకెత్తి తాడుతో బిగించింది. అత్త చూస్తే మళ్ళీ దించేస్తుందని తెలిసి కూడా.

"మళ్ళ లేపినవా పట్టా?" వెనక నుంచి అత్త గోరి గొంతు వినపడనే వినపడింది. "చలికి సస్తయే పిల్లా నా కోళ్ళు! నువ్వు దుప్పటి కప్పుకొని పండవా?"

"దుప్పటి ముక్కు మీద కప్పుకోను కద అత్తమ్మా. గాలాడకపోతే గూడంత ఆవిరి పట్టి రోగమొస్తది."

"అవ్, రేపు నా కోళ్ళకు ఫ్యాన్ గూడ పెట్టుమంటవ్."

మంచం మీద కూర్చున్న మామ హాతీరాం కిసుక్కున నవ్వాడు. గోరి ఒక చూపు చూసింది. ఆయన నవ్వు చాయ్ గ్లాసులో మునిగిపోయింది.

ఈ కోళ్ళంటే గోరికి ప్రాణం. చుట్టుపక్కల తండాల్లో ఎవరు నాటుకోడి విత్తనం కట్టాలన్నా గోరి ఇంటికే వచ్చేవాళ్ళు. కొడుకు బలరాం ఇల్లందు బొగ్గు గనిలో కాంట్రాక్టు పనికి కుదిరాక, "ఇంక ఈ కోళ్ళెందుకే యాడీ" అని తల్లిని ఒక్కసారి అన్నాడు. ఆ పూట ఇంట్లో పొయ్యి వెలగలేదు.

మునగచెట్టు కింద ముడుచుకుని కూర్చున్న నల్లపెట్ట మీద కళ్యాణి చూపు ఆగింది. రెక్కలు వేలాడేసి, కళ్ళు మూసుకుని ఉంది. ముందు చల్లిన నూకలు ముట్టుకోలేదు.

"అత్తమ్మా, నల్లపెట్టను చూసినవా?"

"ఈకలు రాలుస్తుందే. ఈ కాలంల పాత ఈకలు ఇడ్సి కొత్తయి ఏసుకుంటయి. గప్పుడు గిట్లనే డీలా పడ్తయి. కాపురానికొచ్చిన కాడి సంది చూస్తలేనా?"

ఆ మాట అబద్ధమేమీ కాదు. వాకిలి నిండా ఈకలే. సగం పెట్టలు తోకల్లేకుండా బోసిగా తిరుగుతున్నాయి. కానీ కళ్యాణి నల్లపెట్ట దగ్గరికి వెళ్ళి చెవి పెట్టింది. లోపల గురగుర. కింద నేల మీద ఆకుపచ్చ పసరులాంటి రెట్ట.

"ఈకలు రాల్చే కోడి గింజ తింటది. ఇది తింటలేదు. ఇది కొక్కెర అత్తమ్మా."

హాతీరాం గ్లాసు కింద పెట్టాడు. కొక్కెర వచ్చిందంటే ఒక గూటితో ఆగదు, వాడలో కోడి కూత వినపడకుండా ఊడ్చుకుపోతుంది.

"నీ నోట్లె మన్నుపడ!" గోరి ఒక్క అరుపు అరిచింది. "పొద్దుగాల్నే ఆ పాడుమాట ఎత్తుతవా? వానల ముందు టీకా టీకా అని నా పానం తీసినవ్, నేను ఏపియ్యలేదని ఇప్పుడు శాపం పెడ్తున్నవా?"

కళ్యాణి కల్లూరు దగ్గర తన పుట్టింట్లో ఇదే చూసింది. ఒకసారి మేనత్త ప్రేమగా రెండు పెట్టలు తెచ్చి వదిలింది. వాటి వెంట వచ్చిన రోగానికి అమ్మ పెంచిన కోళ్ళన్నీ పోయాయి. ఆ తర్వాత అమ్మ, మేనత్త ఒక పెళ్ళిపందిట్లో కూడా పక్కపక్కన కూర్చోలేదు.

"నేను పశువుల దవాఖానాకు పోయొస్త. అప్పటిదాంక ఒక్క కోడి గూడ బయటికి పోవద్దు మామా," అని చెప్పి నల్లపెట్టను విడిగా కట్టెల పాకలో మూసి, టీవీఎస్ బండి తీసింది.

డాక్టరు క్యాంపుకు వెళ్ళాడట. అటెండరు మందు చేతిలో పెట్టి, "రోగమున్న గూటికాడ తిరిగిన చెప్పులతోని వేరే ఇంటి కోళ్ళ కాడికి పోకమ్మా" అని గట్టిగా చెప్పాడు. కళ్యాణి తిరిగొచ్చేసరికి అత్త లేదు. వసారాలో వేలాడే వెదురుగంప లేదు. ఎర్రపెట్ట లేదు. పొడలపెట్ట కూడా లేదు.

"మామా! అత్తమ్మ ఏది?"

హాతీరాం కండువా సర్దుకున్నాడు. దిక్కులు చూశాడు. "సోని కాడికి పోయింది బిడ్డా. రోగమొస్తే మంచి కోళ్ళను సుట్టాల ఇంటికి దాటెయ్యాలెనని మా అమ్మ కాలం సంది ఉన్నదే కద. ఇయ్యి సక్కగున్నయి. బాలింతకు ఒకటి కూరకైతది, ఇంకోటి విత్తనానికుంటదని..."

"సక్కగ కనపడ్డా లోపల రోగముంటది మామా! ఆడ భీమక్క కోళ్ళకు అంటుకుంటే?"

పాకలోంచి దబదబమని చప్పుడు వినపడింది. ఇద్దరూ వెళ్ళి చూశారు. నల్లపెట్ట మెడ మెలి తిరిగి, ముక్కు ఆకాశం వైపు లేచింది. రెండుసార్లు గిరగిరా తిరిగి పడిపోయింది. ఇక లేవలేదు.

ఆడపడుచు సోని కాన్పయి ఇంకా నెల తిరగలేదు. గుండ్లవాగు తండాలోని ఆమె అత్త భీమక్క ఇంటికి కోళ్ళే ఆధారం. ప్రతి సంతకూ ఆ ఇంటి నుంచి పుంజులు పోవాల్సిందే. భీమక్క మాట కత్తి. ఆ గూట్లో కొక్కెర దూరితే, "నీ తల్లి తెచ్చిన రోగమే గద" అని సోనిని జీవితాంతం కోస్తుంది.

ఫోన్ తీసి సోని నంబరు మీద వేలు పెట్టింది. ఆ వేలు అక్కడే ఆగింది. ఫోన్ చేస్తే ఏమవుతుంది? భీమక్క తన వాకిట్లోనే అత్తను నిలబెట్టి, "రోగపు కోళ్ళు మా ఇంటికి తెచ్చినవా" అంటుంది. కోళ్ళు ఆగుతాయి. అత్త తల మాత్రం మళ్ళీ లేవదు.

ఫోన్ బొడ్లో దోపుకుని బండి ఎక్కింది.

అత్త ఎక్కిన బస్సు చుట్టు తిరిగి వెళ్తుంది. పోడు చేల మధ్య నుంచి అడ్డదారి ఉంది, కానీ అందులో వాగు దాటాలి. ముసురుకు వాగు ఎర్రగా పొంగుతోంది. అవతలి గట్టున మేకలు కాస్తున్న పోతయ్య చేతులూపి అరిచాడు. "ఓ బిడ్డా, రాకు! బురద గుంజుతది!"

"ఎంత లోతు కాకా?"

"మోకాలు. కని బండి ఆగితే ఆగమైతవ్!"

కళ్యాణి పళ్ళు బిగించి బండి దింపింది. నడి వాగులో ఇంజను దగ్గి ఆగిపోయింది. దిగి, చీర ఎగగట్టి నెట్టింది. పోతయ్య గొణుక్కుంటూనే వచ్చి ఒక చెయ్యి వేశాడు. గట్టెక్కాక బండి స్టార్టయ్యే దాకా ఆమె మొక్కని దేవుడు లేడు.

గుండ్లవాగు తండాలో మలుపు తిరిగేసరికి గోరి కనిపించింది. నెత్తిన గంప. దడి బయట నిలబడి ఉంది. లోపల వాకిలి నిండా పిల్లలకోళ్ళు, పుంజులు. భీమక్క నవ్వుతూ ఎదురొస్తోంది. గోరి చేతులు గంప దించడానికి పైకి లేచాయి.

"అత్తమ్మా! దించకు!"

ఇద్దరూ ఉలిక్కిపడి చూశారు. బురదలో మునిగి తేలినట్టున్న కోడలు దడి దగ్గర బండి ఆపి నిలబడింది.

ఒక్క మాట చాలు. కొక్కెర. ఆ మాట కళ్యాణి నాలుక చివరి దాకా వచ్చింది. భీమక్క కళ్ళు చూసి మింగేసింది.

"ఆ పెట్టలు నావి," అంది. "నన్ను అడగకుండ ఎట్ల తెచ్చినవ్? నా కోళ్ళు నాకు వాపస్ కావాలె."

భీమక్క ముక్కు మీద వేలేసుకుంది. "ఓయమ్మో! రెండు కోళ్ళ కోసం వాగు దాటొచ్చిందా? బాలింత నోటికాడి కూర గుంజుకపోయే వదినెను నేనేడ సూడలే!"

పొత్తిళ్ళలో పాపతో సోని గడపలోకి వచ్చింది. "ఏంది వదినా ఇది? కోళ్ళు పోతే పోనీ. లోపటికి రా. పాపను సూడు."

కళ్యాణి పాదాలు ముందుకు కదలబోయాయి. పొద్దున గూట్లో తిరిగిన చెప్పులు. అదే చీర. అక్కడే ఆగిపోయింది.

"నేను రాను. నా కోళ్ళు నాకియ్యుండ్రి, పోత."

"మంచినీళ్ళన్న తాగు వదినా..."

"వద్దు."

గోరి గంపను నెత్తి మీంచి దించి కోడలి కాళ్ళ దగ్గర పడేసింది. దగ్గరికి వచ్చి, ఎవరికీ వినపడకుండా పళ్ళ సందున అంది. "రోగం లేదు, గీగం లేదు. నా బిడ్డ తింటదని నీ కడుపుమంట. తీస్కపో. ఇయ్యాల్టి సంది నువ్వు నా కోడలివి గావు."

కూతురి గడప తొక్కకుండానే గోరి వెనుదిరిగింది. కొంగు నోటికడ్డం పెట్టుకుని బస్సు దారి పట్టింది. బండి ఎక్కమన్నా ఎక్కలేదు.

ఆ సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చిన బలరాంకు సంగతి అప్పటికే చేరింది. "మా అమ్మ ఇజ్జత్ తీసినవ్! రోగమొచ్చిందని చెప్తే అయిపోయేది గద?"

"చెప్తే మీ అమ్మను రోగం తెచ్చిన మనిషంటరు. చెప్పకపోతే నన్ను పిసినారిదంటరు." కళ్యాణి వేడినీళ్ళలో చేతులు కడుక్కుంటూ అంది. "నన్నంటే ఏం పోయింది? సోని ఆ ఇంట్ల బతకాలె."

బలరాం పలుగు తీసుకుని, పెరటి మూల నల్లపెట్టను పాతడానికి గుంత తవ్వాడు.

తర్వాతి రోజుల్లో గోరి కోడలితో ఒక్క ముక్క మాట్లాడలేదు. చెప్పాల్సిందంతా గోడకు చెప్పింది, పొయ్యికి చెప్పింది, కుక్కకు చెప్పింది. గూట్లో ఒక పుంజు పోయింది. రెండు పిల్లలు పోయాయి. కళ్యాణి సున్నం వేసి పాతుతూనే ఉంది. ఎర్రపెట్ట, పొడలపెట్ట మాత్రం పాత కొట్టంలో గంప కింద దిట్టంగా గింజలు తింటున్నాయి. గోరి రోజూ వాటికి తనే నూకలు వేసి, కుక్కతో అనేది. "సూడే, ఎంత సక్కగున్నయో! వీటికి రోగమంట రోగం!"

ఆ వారం ఇంకా పూర్తికాలేదు. ఒక పొద్దున కొట్టంలోంచి గోరి గొంతు వినపడలేదు. కుక్కను తిట్టే గొంతు కూడా లేదు. కళ్యాణి తొంగి చూసింది.

గోరి నేల మీద కూలబడి ఉంది. ఒళ్ళో పొడలపెట్ట. దాని మెడ మెల్లగా, మెల్లగా వెనక్కి మెలి తిరుగుతోంది. గోరి రెండు చేతులతో ఆ మెడను నిలబెట్టాలని చూస్తోంది. వదిలితే మళ్ళీ తిరుగుతోంది. పక్కన ఎర్రపెట్ట అప్పటికే చల్లబడి పోయింది.

"సక్కగుండె పిల్లా," గోరి తలెత్తకుండా అంది. "నిన్న మాపటికి గింజ తిన్నది. సక్కగనే ఉండె..."

కళ్యాణి పక్కన కూర్చుంది.

"ఇది భీమక్క వాకిట్ల అయ్యేది. ఆ పిల్లలకోళ్ళ నడుమ." గోరి పొడలపెట్టను ఎర్రపెట్ట పక్కన దించింది. "నా బిడ్డ కాపురాన్ని నేనే నెత్తిన గంపలవెట్టుకొని మోసుకపోయిన. నువ్వొచ్చి ఆపితే కడుపుమంట అన్న."

"ప్రేమతోనే తీస్కపోయినవ్ అత్తమ్మా. ఎవరు కాదన్నరు?"

గోరి కొంగుతో కళ్ళు తుడుచుకుని లేచింది. సబ్బుతో చేతులు కడిగి, కడిగి, మళ్ళీ కడిగి వచ్చింది. "ఫోన్ కలుపు. భీమక్కకు."

"ఎందుకు అత్తమ్మా? అయిపోయిన సంగతి."

"నీకయిపోయింది. నాకు గాలే. కలుపు!"

గోరి ఫోన్‌ను రెండు చేతులా పట్టుకుని, పొరుగూరికి వినపడేట్టు మాట్లాడింది. "వదినా, నేను గోరిని. ఆ కోళ్ళకు కొక్కెర ఉండె. తెలవక నేనే తెచ్చిన. నా కోడలు చెప్పినా ఇనలే. అది పిసినారిది గాదు. నా ఇజ్జత్ కాయనీకి అది పిసినారి పేరు మోసింది. తిడితే నన్ను తిట్టు వదినా. నా కోడలిని గాదు, నా బిడ్డను గాదు."

కళ్యాణి ఫోన్ దగ్గరికి చెవి చేర్చింది.

"తెలుసు వదినా," భీమక్క గొంతు వచ్చింది. కత్తిలా లేదు. "ఆ దినమే అనుమానమొచ్చింది. పిసినారిదైతే దర్జాగ లోపటికొచ్చి, చాయ్ తాగి, కోళ్ళు తీస్కపోయేది. నీ కోడలు పసిపిల్లను సూడమంటే గూడ దడి దాటలే. ఒక్క అడుగెయ్యలే. కళ్ళల్ల నీళ్ళు మాత్రం నిండుగున్నయి. కోళ్ళు సాదే దాన్ని, నాకు తెల్వదా? నువ్వే చెప్తవేమోనని సూస్తున్న."

గోరి కొంగుతో మళ్ళీ కళ్ళు తుడుచుకుంది.

"ఇంకోటి ఇను," అంది భీమక్క. "మీ గూడు కుదుట పడినంక నీ కోడలిని తోలియ్యి. సోని అలిగి కూసున్నది, వదినె ఎత్తుకునేదాంక పిల్లకు పేరు పెట్టనంటది. నువ్వు గూడ రా. కని నెత్తిన గంప లేకుండ రా తల్లీ!"

ఏడుపులోంచే గోరికి నవ్వు తన్నుకొచ్చింది. ఫోన్ కోడలి చేతిలో పెట్టి, ఆ చేతిని అలాగే పట్టుకుంది. వదల్లేదు. బూడిదకు, సున్నానికి పగిలిన వేళ్ళు. వాటిని తన చెంపకు ఆనించుకుంది.

"ఒక్క మాట అన్నవా పిల్లా ఇన్ని దినాలు? కుక్కతోని మాట్లాడిన గని నీతోని మాట్లాడలే నేను."

"కుక్కకైతే బాగనే అర్థమైంది అత్తమ్మా. నన్ను చూసినప్పుడల్ల మొరుగుతుంది."

గోరి కోడలి వీపు మీద ఒక్కటి చరిచింది. తర్వాత వెదురుగంపను తనే పొయ్యి దగ్గరికి ఈడ్చుకెళ్ళి మంటలో పెట్టింది. చిటపటమని కాలుతుంటే చూస్తూ నిలబడింది.

వాకిట్లో మిగిలిన కోళ్ళు, తోకల్లేనివి, మెడ ఈకలు ఊడినవి, పలచటి ఎండలో తడి రెక్కలు విప్పుకున్నాయి. అడవి మీద మళ్ళీ మబ్బు కమ్ముతోంది. గోరి గూటి దగ్గరికి వెళ్ళింది. రాత్రి తానే దించేసిన పట్టా అంచును పట్టుకుని జానెడు పైకెత్తింది.

"గింత చాల్నా పిల్లా?" అని అడిగింది. "ఇంకొంచెం లేపాల్నా?"