అనుభవవాహిని

సముద్రం భీమిలి దిగువ వీధుల్ని మింగేసి యాభై ఏళ్లయింది. జనం నీళ్లమీదే నాచు మడులు వేసుకుని బతుకుతున్నారు. గట్లుండవు కాబట్టి తేలే బుడగలే హద్దులు. అవి కాస్త జరిగితే చాలు, తగాదా. కోర్టు కూడా మారిపోయింది. వాయిదాకి ఎవరూ బస్సెక్కక్కర్లేదు. జడ్జిగారి కాంతిబింబం, అంటే హోలోగ్రామ్, ఇంట్లోకే వచ్చి కూర్చుంటుంది. దావా వేయడం ఇంత సులువయ్యేసరికి, ఓడిన దావాకే పేరు మార్చి మళ్లీ మళ్లీ వేసే ప్లీడర్లు పెరిగారు. జరిమానాలకు వాళ్లు బెదరలేదు. సస్పెండ్ చేస్తే సెలవులనుకున్నారు.

వాళ్లకోసమే డాక్టర్ హైమవతి అనుభవవాహినిని తయారు చేసింది. ఒకరి జ్ఞాపకాన్ని, దానితో ముడిపడ్డ భయంతో, అవమానంతో సహా న్యూరల్ సంకేతాలుగా మార్చి మరొకరి మెదడులోకి పంపే యంత్రమది. వేధించిన ప్లీడరు ఎదుటి మనిషి పడ్డ నరకాన్ని ఒక్క పూటలో తానూ పడాలి. న్యాయవాదుల క్రమశిక్షణ మండలి సరేనంది.

మొదటి శిక్ష మార్కండేయులికి పడింది. ఒక పెద్ద నాచు వ్యాపారి తరఫున, పైడితల్లి అనే ఆవిడ మడి మీద ఒకే దావాను ఆరుసార్లు వేసినవాడు.

జ్ఞాపకాలు ఇవ్వడానికి పైడితల్లి జంకింది. "నా మనసులో ఉన్నయన్నీ ఆడికి తెలిసిపోతాయేటమ్మా?"

"తెలియాలి పైడితల్లమ్మా. తెలిస్తే మనిషన్నవాడు మళ్లీ ఆ పని చేయలేడు," అంది హైమవతి. ఆ మాట ఆమె మనస్ఫూర్తిగా నమ్మింది.

యంత్రం తాలూకు శిరస్త్రాణం తలకి పెట్టిన కాసేపటికే మార్కండేయులు వణకడం మొదలుపెట్టాడు. తీసేసరికి చొక్కా తడిసిపోయింది. లేచి తిన్నగా వెళ్లి పైడితల్లి కాళ్లమీద పడ్డాడు. "తల్లీ, నాకు తెలీదమ్మా! ఇంత నరకమని తెలీదు!" అని బావురుమన్నాడు. అతన్ని లేవనెత్తుతుంటే పైడితల్లికీ ఏడుపొచ్చింది. హైమవతి అద్దాలు తీసి కళ్లు తుడుచుకుంది.

ఆ ఏడాది తిరక్కుండానే మార్కండేయులు అదే మడి మీద మరో దావా వేశాడు.

ఇది పాతది కాదు. ఎప్పుడో తుఫాను రోజున హద్దు బుడగలు ఎటు కొట్టుకుపోయాయో తేల్చమన్న కొత్త దావా. మండలి ఎంత వెతికినా తప్పు దొరకలేదు. మొదటి సాక్షిగా పైడితల్లి తమ్ముడు ఎర్రయ్య పేరు రాశాడు. ఆ రోజు సముద్రంలో ఉండి బతికొచ్చింది అతనొక్కడే మరి. ఆ రోజే అతని చేతిలోంచి అతని కూతురు నీళ్లలోకి జారిపోయింది. అప్పట్నుంచి ఆ తుఫాను ఊసు అతను ఎత్తలేదు, ఆ ఇంట్లో ఎవరినీ ఎత్తనివ్వలేదు పైడితల్లి.

ఎర్రయ్యకు కబురు అందకముందే, మొదటి వాయిదాలోనే ఆమె మడి వదులుకుంది.

హైమవతి పరుగున మార్కండేయులి దగ్గరకు వెళ్లింది. "ఆ రోజు మీరు ఏడ్చింది నటనా?"

"నటన కాదు డాక్టరుగారూ," అన్నాడతను నొచ్చుకుంటూ. "ఇప్పటికీ ఆవిడ భయం నాలో కదుల్తూనే ఉంటుంది. తమ్ముణ్ణి సాక్షిగా నిలబెడతారేమోనని ఆవిడ ప్రతి వాయిదాకీ చచ్చి బతికింది. నాకా సంగతి ఎప్పుడు తెలిసింది? మీ యంత్రం కింద కూర్చున్నాకే కదా!" గొంతు తగ్గించాడు. "ఆ శిక్ష తమకీ పడాలంటే ఏం చేయాలని మా ప్లీడర్లు చాలామంది అడుగుతున్నారు."



మర్నాడు హైమవతి పైడితల్లి ఇంటికి వెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పింది. పైడితల్లి తిట్టలేదు. తలుపు వైపు చూసింది. "మా తమ్ముడొచ్చే యేళయింది. ఈ ముక్క ఆడి ముందర అనీకమ్మా," అని నీళ్లు తేవడానికి లోపలికి వెళ్లింది.

ఎర్రయ్య వచ్చి గుమ్మంలో కూలబడ్డాడు. "మేడమ్, తమరైనా సెప్పండి. మా అక్క మడెందుకొదిలీసింది? నానడిగితే మాట తప్పించేస్తంది."

"ఓపిక అయిపోయిందేమో ఎర్రయ్యా," అంది హైమవతి అతని మొహం చూడకుండా.

"మా అక్కకా?" ఎర్రయ్య నవ్వాడు. "మీకు మా అక్క తెల్దు మేడమ్."