నాన్నకంటే ముందు పలికిన గొంతు

ఆ స్టూడియో మేడ మీదున్న ఎడిటింగ్ గదికి మంచి పేరు లేదు. చీకటి పడ్డాక అక్కడ హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే ఎవరో ఆడమనిషి చెవిలో మాట్లాడుతుందట! పాత ఎడిటర్ చెప్పులు కూడా వేసుకోకుండా పరుగు తీశాడు... మళ్ళీ వాటికోసమైనా రాలేదు.

ఆ తర్వాత ఆ కుర్చీలో కూర్చున్నది మా బావ. పగలు పులే. రాత్రి మంచినీళ్ళకి లేవాలన్నా మా అక్కని తోడు లేపుతాడు. ఆయన చెప్పిందే చెబుతున్నాను.

ఆ సాయంత్రం ఓ పెళ్ళికూతురు వీడియో తెచ్చింది. "మా నాన్న నోరు విప్పడమే అరుదండీ. నాకోసం కెమెరా ముందు నాలుగు ముక్కలు మాట్లాడాడు, ఒక్కటీ వినపడట్లేదు. పొద్దున్నే అత్తారింటికి ప్రయాణం. ఎలాగైనా వినపడేలా చెయ్యండి," అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

కాదనలేక, బావ లైట్లన్నీ వేసి, తలుపు బార్లా తెరిచి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చున్నాడు. తెరమీద తండ్రి మాట్లాడుతున్నాడు. పక్కన శబ్దం ఎంతుందో చూపే లెవెల్ మీటర్‌లో పచ్చగీత అడుగునే కొట్టుకుంటోంది. బావ వీడియోని మొదటికి తిప్పి సౌండ్ పెంచాడు... ఇంకాస్త పెంచాడు...

తండ్రి పెదవులు కదల్లేదు. గీత మాత్రం లేచింది!

"చిట్టితల్లీ..." ఆడగొంతు, గుసగుసగా.

అప్పుడు తండ్రి నోరు తెరిచాడు. "చిట్టితల్లీ..."

బావ చటుక్కున హెడ్‌ఫోన్స్ లాగేశాడు — నిశ్శబ్దం. మళ్ళీ పెట్టుకున్నాడు.

"వేళకి తిను..." అంది ఆ గొంతు.

"వేళకి తిను," అన్నాడు తండ్రి.

ఆయన ఏమనబోతున్నాడో దానికి ముందే తెలుసు! బావ లేచి గుమ్మందాకా వెళ్ళాడు. ఆ పిల్ల ఏడుపుమొహం గుర్తొచ్చి, తనని తానే తిట్టుకుంటూ వెనక్కొచ్చాడు. ఒక కన్ను మూసి, రెండోది మీటర్ మీద పెట్టాడు.

"ఒంట్లో జాగ్రత్త..."

"ఒంట్లో జాగ్రత్త."

ఆ తర్వాత గీత పడిపోయింది. గుసగుస లేదు. తండ్రి అలాగే కూర్చున్నాడు... గొంతు సవరించుకున్నాడు.

"నువ్వెళ్ళిపోతే... మీ అమ్మతో పోట్లాటైనప్పుడు నా పక్షాన ఎవరుంటారమ్మా?"

గీత ఒక్కసారిగా ఎరుపులోకి ఎగిరింది!

"అదేంటండీ! అది నేను చెప్పలేదు కదా!"

కెమెరా వెనక నిలబడి, మొగుడికి మాటలందిస్తున్న పెళ్ళికూతురి తల్లి!

బావ కుర్చీలోంచి పడబోయాడు. ఆ గుసగుసలన్నీ తీసేయడం ఆయనకి చిటికెలో పని. తియ్యలేదు సరికదా, చక్కగా వినపడేలా ఇంకాస్త పెంచి ఇచ్చాడు. పొద్దున అది విని ఆ పిల్ల, ఏడుస్తూ ఏడుస్తూనే పకపకా నవ్వేసిందట.