ఉప్పు చూడు వదినా!

"ఆ ముక్క తీసెయ్యవే! నీకు దండం పెడతాను... తీసెయ్!"

తల్లి కూతుర్ని బతిమాలుతోంది. సాయంత్రమే కూతురు తీసిన చిన్న సినిమా ప్రదర్శన. అందులో పాటల్లేవు, ఫైట్లు లేవు. వాళ్ళ వంటిల్లు, ఎదురింటి టైలరమ్మ, ఇద్దరాడవాళ్ళు కలిసి తినే అన్నం... అంతే సినిమా!

కొడుకు పోయాక టైలరమ్మ పొయ్యి వెలిగించడమే మానేసింది. రమ్మంటే వచ్చి తినే మనిషి కాదు. అందుకే తల్లి ఓ ఎత్తు వేసింది. "జలుబుతో నా నోరు చచ్చిపోయింది. కాస్త ఉప్పు చూడు వదినా!" అని పిలిచేది. వచ్చిన మనిషి ముందు కంచం పెట్టేసేది. ఆ గుట్టంతా ఓసారి కూతురితో మాటల్లో చెప్పేసింది. కెమెరా తిరుగుతోందన్న ధ్యాసే లేదు!

"అది లేకపోతే సినిమాయే లేదమ్మా," అంది కూతురు తలెత్తకుండా.

"జాలిపడి పెట్టానని తెలిస్తే మళ్ళీ మన గడప తొక్కుతుందా? నీకు నీ సినిమా ఉంది. నాకు..." అంది తల్లి.

సాయంత్రం హాల్లో ముళ్ళ మీద కూర్చున్నట్టే ఉంది తల్లికి. తెర మీద తను పొయ్యి పక్కన నిలబడి ఒక్కతే తింటోంది. ఆ బొమ్మ వెనకనుంచి తన గొంతు జలుబు గుట్టంతా చెప్పడం మొదలెట్టింది... పక్కనున్న టైలరమ్మ చటుక్కున లేచి బయటికి వెళ్ళిపోయింది!

"వదినా! ఆగు వదినా!"

మెట్ల మీద కూర్చుని టైలరమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంటోంది.

"నిన్ను తక్కువ చేయాలని కాదు వదినా... నన్ను క్షమించు!"

"పిచ్చిదానా! ఏడాది పొడుగునా తగ్గని జలుబుంటుందా? మొదటి రోజే తెలిసింది నాకు."

"మరి... ఎందుకొచ్చేదానివి?"

"మీ ఆయన షిఫ్టుల మనిషి. పిల్లేమో కంచం పట్టుకుని కంప్యూటరు ముందుకి పోతుంది. నువ్వు గిన్నెమూతలో ఇంత వేసుకుని నిలబడే మింగేస్తావు. నేనొస్తేనే కదా, నువ్వూ కూర్చుని తినేది! ఇప్పుడదే తెర మీద చూసి... తట్టుకోలేకపోయానే..."

వెనకే వచ్చిన కూతురు గుమ్మంలోనే ఆగిపోయింది. ఆ దృశ్యం తీసింది తనే! పొయ్యి వెలుగు బాగుందని తీసింది. అమ్మను మాత్రం చూడలేదు...

దగ్గరికొచ్చి తల్లి చెయ్యి పట్టుకుంది. "అమ్మా... మధ్యాహ్నం అన్నం తిన్నావా?"

ఆ ఇంట్లో ఆ ప్రశ్న ఎప్పుడూ తల్లే అడిగేది. జవాబు చెప్పడం ఆమెకు అలవాటు లేదు. కాసేపు ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది.

"లేదే..." అంది, చిన్నపిల్లలా.