తెర ముందు బిగుసుకుపోయిన కుర్రాడు

ప్రాజెక్టు ఎంతవరకు వచ్చిందని మేడమ్ పేరు పెట్టి అడగగానే అతడు కొయ్యబారిపోయాడు. నోరు సగం తెరిచి, రెప్ప ఆర్పకుండా, లాప్‌టాప్ ఎదుట బొమ్మలా ఉండిపోయాడు. నెట్ ఆగిందని ఆవిడ అనుకోవాలని అతడి ఆశ. వారంలో సగం క్లాసులు ఇంట్లో తెర మీద, మిగతా సగం కాలేజీ గదిలో జరిగే ఆ చదువులో అతడికి తోచిన ఉపాయం అదొక్కటే.

సరిగ్గా అప్పుడే నాయనమ్మ గదిలోకి వచ్చింది. "ఏరా, ఏమైందిరా నీకు?" అంటూ అతడి మొహం ముందు చెయ్యి ఊపింది. మైకు ఆపి ఉంది కనుక ఎవరికీ వినపడలేదు. మేడమ్ తన స్లైడు వెతుక్కుంటున్నారు. చూసింది ఒక్కరే. తెర మీది చిన్న గళ్ళలో ఒకదానిలో ఒక అమ్మాయి నవ్వు ఆపుకోలేక నోటికి అరచెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆమె అతడి ప్రాజెక్టు జోడీ. క్లాసంతా ఆమెను లీడర్ అంటారు.

"మేడమ్, తనకి నెట్ పోయినట్టుందండీ. తన భాగం దాదాపు అయిపోయింది," అంది లీడర్.

ఆ అబద్ధంతో అతడి భయం రెట్టింపైంది. వాననీరు వీధుల్లో ఎందుకు నిలిచిపోతుందన్నది వారి ప్రాజెక్టు. ఆమె తన సగం ఎప్పుడో రాసేసింది. అది చదివిన నాటినుంచి అతడికి చెయ్యి ఆడలేదు. ఆ రాత పక్కన తన రాత వెలవెలబోతుందన్న భయంతో మొదలుపెట్టలేదు. మొదలుపెట్టలేదు గనుక ఆమె ఫోను ఎత్తలేదు. ఎత్తలేదు గనుక ఎదుటపడే మొహం లేకపోయింది. మార్కులేమో ఇద్దరికీ కలిపే.

మర్నాడు కాలేజీలో క్లాసు. ఒకటే వాన. లైబ్రరీ వరండాలో ఆమె కనపడగానే అతడు గిరుక్కున వెనుదిరిగాడు.

"ఆగు బాబూ! ఇక్కడ కూడా నెట్ పోయిందా?"

అతడు ఆగి ఇటు తిరిగాడు. "లీడర్ గారూ, అదీ..."

"గారూ గీరూ వద్దు. ఎంత రాశావ్?"

"కొంచెం..."

"నిజం చెప్పు."

"ఏమీ రాయలేదు."

ఆమె నవ్వు మాయమైంది. "సాయంత్రంలోగా పంపకపోతే ఇద్దరం ఈ కోర్సు మళ్ళీ చదవాలి. లేదంటే నీ పేరు తీసేసి నా సగం నేను పంపుకోవాలి. తీసెయ్యనా?"

తీసెయ్యమంటే ఆ క్షణానికి గండం గడుస్తుంది. కానీ ఆమె మళ్ళీ తన వైపు చూడదు.

"వద్దు," అన్నాడు.

"అయితే కూర్చో. నా ఎదురుగా రాయి."

"నువ్వు చూస్తుంటే నా వల్ల కాదు. నీ అంత బాగా నాకు రాదు."

"దానికా ఇన్నాళ్ళూ! నేను మొదట రాసింది చదివి మా అక్క పడీపడీ నవ్వింది, తెలుసా?"

అతడు లాప్‌టాప్ తెరిచి ఒక వాక్యం కొట్టాడు. ఆమె చదివింది.

"బాలేదు. తరవాతది రాయి."

మిన్ను విరిగి మీద పడలేదు. అతడు తరవాతది రాశాడు.

"నన్నెందుకు కాపాడావ్?" అన్నాడు కాసేపటికి, తల ఎత్తకుండా.

"మీ నాయనమ్మ అంతలా చెయ్యి ఊపినా రెప్ప వెయ్యలేదు. ఇంత మొండివాడు నాలుగు పేజీలు రాయలేడా అనుకున్నా."

వాన వెలిసేసరికి ప్రాజెక్టు పంపేశారు. ఆమె సంచీ భుజాన వేసుకుంది. అప్పుడు పట్టుకుంది అతడికి అసలు భయం: ఇక ఆమె ఫోను చెయ్యడానికి కారణమే లేదు.

"ఒక మాట... తరవాత చెప్తాలే."

"ఇది కూడా వాయిదానా?"

అతడు కళ్ళు మూసుకున్నాడు. "నువ్వంటే ఇష్టం. నీ ముందు తేలిపోతానని హడలిపోయింది అందుకే."

కళ్ళు తెరిచేసరికి ఆమె సంచీ దించి మళ్ళీ కూర్చుని ఉంది.

"నా జవాబుకి గడువేం లేదుగా?"

"లేదు," అన్నాడతడు, బిక్కచచ్చిపోతూ.

"అయితే ఇప్పుడే చెప్పేస్తాను," అంటూ ఆమె అతడి చేతిమీద తన చెయ్యి వేసింది.