మూడో పేజీలో కిటికీ

డెబ్బై ఎనిమిదిలో గ్రంథాలయ వారోత్సవాల మొదటి రోజు, మంగళవారం. పొద్దున్నే లైబ్రరీ ముందున్న నల్లబోర్డు దగ్గర సినిమా హాలు దగ్గరున్నంత గుంపు చేరింది. "గ్రంథాలయ విశేషాలు" అని పైన గుండ్రటి అక్షరాలు. కింద పుస్తక ప్రదర్శన ఎప్పుడో, వక్తృత్వ పోటీ ఎక్కడో రాసి ఉంది. ఆ రెండూ ఎవరూ చదవలేదు. అందరూ మూడో వార్త చదివి నవ్వుతున్నారు.

"శనివారం పత్రిక మూడో పేజీలో కిటికీ తెరుచుకుంది. గాలి కూచిపూడి వైపు నుంచి వీస్తోంది. బ్లేడు పట్టిన చేతికి ఆకుపచ్చ గాజులున్నాయని భోగట్టా."

రాసినవాడు సంజీవరావు. బి.ఏ. రెండో సంవత్సరం, లైబ్రరీకి విద్యార్థి కార్యదర్శి. గుంపు వెనకాల నిలబడి, ఏమీ ఎరగనట్టు మొహం పెట్టి, ఎవరు ఎక్కడ నవ్వుతున్నారో వింటున్నాడు. చేతివేళ్ళకి సుద్ద ఇంకా పోలేదు.

ఈ అబ్బాయి సంగతి కొంచెం చెప్పాలి. రెండు వేల మంది చదివే బోర్డు మీద ఏదైనా రాసేస్తాడు గానీ, ఒక్క ఆడపిల్లని పలకరించమంటే నాలుక పిడచకట్టుకుపోతుంది. ఆ రోజుల్లో ఆ కాలేజీలో అమ్మాయిలు వెయిటింగ్ రూమ్‌లో కూర్చుని, లెక్చరర్ వెనకాలే క్లాసుకి వచ్చి, ఆయన వెనకాలే వెళ్ళిపోయేవాళ్ళు. అబ్బాయిలకి వాళ్ళు ఎదురుపడే చోటు లైబ్రరీ ఒక్కటే. అక్కడ పేపరుని పేజీలుగా విడదీసి పంచుకు చదివేవాళ్ళు. కిటికీ పక్క బల్ల దగ్గర మార్త రోజూ మూడో పేజీ పట్టుకుని కూర్చునేది. మొదటి పేజీ సంజీవరావు చేతిలో ఉండేది. "మూడో పేజీ ఇస్తారా అండీ" అని అడగాలని రోజూ అనుకునేవాడు. ఆషాఢం పోయింది, వానలు వెలిశాయి, కార్తీకం వచ్చింది. మొదటి పేజీ అతనికి కంఠతా వచ్చిందే గానీ ఆ మాట మాత్రం నోట రాలేదు.

సోమవారం ఆకుపచ్చ గాజులున్న మార్త చేతిలో బ్లేడు చూశాడు. ఆ సాయంత్రమే శనివారం పేపర్లో కూచిపూడి నాట్యోత్సవాల వార్త ఉండాల్సిన చోట ఇంత కంత కనిపించింది. ఆ పిల్లది కూచిపూడి పక్క ఊరు. ఇంకేం కావాలి? వెళ్ళి అడగొచ్చు. అడగటం చేతకాక రాశాడు.

మధ్యాహ్నానికల్లా కాలేజీలో మార్తకి కొత్త పేరు వచ్చింది. ఆమె వరండాలో నడుస్తుంటే "బ్లేడు మేడమ్, జాగ్రత్త" అని ఎవరో అన్నారు. ఇంకెవరో పుస్తకాన్ని గుండెకి హత్తుకుని పక్కకి తప్పుకున్నారు. రాయకుండా ఉండాల్సిందేమోనని సంజీవరావుకి అప్పుడు మొదటిసారి అనిపించింది.

మార్త నేరుగా అతని దగ్గరికే వచ్చింది.

"బోర్డు రాసేది మీరేనా అండీ?"

"నేనే... అండీ."

"నా పేరు కూడా రాయాల్సింది. గాజులు చాలామందికి ఉంటాయి, పాపం వాళ్ళకెందుకు అనుమానం?"

సంజీవరావు సుద్ద చేతులు వెనక్కి దాచుకున్నాడు.

"బ్లేడు లైబ్రేరియన్ గారు ఇచ్చారు" అంది మార్త. "కొత్త పుస్తకాలు కొన్ని అంచులు అతుక్కుని వచ్చాయి, ప్రదర్శనకి పెట్టేలోపు విడదీయమన్నారు. కావాలంటే ఆయన్ని అడగండి. మీకు అడగటం అలవాటుంటే."

"అది కాదండీ, నేను..."

"ఆ పేపరు ఒకసారి చూపించండి."

తెచ్చి ఇచ్చాడు. మార్త పేజీని వెలుతురుకి పెట్టి, కంత అంచు వెంట వేలు పోనిచ్చింది. గొంతులో కోపం కాస్త తగ్గి ఆశ్చర్యం వచ్చింది.

"ఇది బ్లేడు కాదండీ, కత్తెర. ఈ వంపు చూడండి. ఇది జాకెట్టు వెనక మెడ. ఇటు భుజం. కుట్టడానికి ముందు కాగితం మీద కొలత కత్తిరించుకుంటారే, అది. ఎవరో చెయ్యి తిరిగినావిడే కోసింది." తలెత్తి చూసింది. "శని, ఆదివారాలు ఈ పేపరు ఎవరి దగ్గరుంది?"

ఎవరి దగ్గరుందో సంజీవరావుకి తెలుసు. బోర్డుకి వార్తలు ఏరుకోవడానికి శనివారం సాయంత్రం పటమటలో తమ ఇంటికి తీసుకువెళ్ళింది అతనే. వాళ్ళమ్మ సంపూర్ణమ్మ కుట్టే జాకెట్ల కోసం పటమట ఆడవాళ్ళు గుమ్మంలో వరస కడతారు. అతని చెవులు వేడెక్కిపోయాయి.

"కనుక్కుంటానండీ" అన్నాడు.

అది చెప్పగానే తనమీద తనకే అసహ్యం వేసింది. ఒప్పుకోవడానికి ఇంతకంటే మంచి సమయం దొరకదు. అయినా ఒప్పుకోలేదు.

మార్త పేపరు మడిచి ఇచ్చేసింది. "త్వరగా కనుక్కోండి. మా నాన్నగారు బడిపంతులు. నన్ను కాలేజీకి పంపేటప్పుడు ఒకటే మాట అన్నారు. నా పేరు నలుగురి నోళ్ళలో నానితే ఆ రోజుతో చదువు ఆఖరని. మా ఊరి బస్సులో ఇక్కడ చదివేవాళ్ళు ఇంకా ఉన్నారండీ."

*

ఇంటికి వెళ్ళేసరికి సంపూర్ణమ్మ మిషను తొక్కుతోంది. ఎదురుగా మేకుకి కాగితం ముక్క వేలాడుతోంది. వెనక మెడ ఆకారంలో కూచిపూడి నాట్యోత్సవాల వార్త.

"అమ్మా, అది ఎందుకు కోశావే?"

"పాత పేపరు కదరా. మళ్ళీ మడతపెట్టి నీ సంచిలోనే పెట్టానే. ఏం, అంత ముఖ్యమైందా?"

సంజీవరావు మంచం మీద కూలబడి జరిగిందంతా చెప్పాడు. చెబుతున్నంతసేపూ నేల వైపే చూశాడు. మిషను ఆగిపోయింది.

"పేపరు కోసింది నేను, శుక్రవారం పెళ్ళివాళ్ళ జాకెట్లు ఇచ్చేయగానే వచ్చి ఆ మాట నేను చెబుతాను" అంది సంపూర్ణమ్మ. "కానీ నాన్నా, బోర్డు మీద రాసింది నేను కాదుగా. ఆ పిల్ల గాజులు కూడా చూశావు, మొహం చూసి అడగలేకపోయావా?"

ఆ రాత్రి అన్నం సయించలేదు. తల్లి రెండోసారి పిలవలేదు.

బుధవారం పొద్దున్న మూడో వార్త తుడిచేసి, దాని చోట చిన్న అక్షరాలతో రాశాడు. "పత్రిక చిరిగిన విషయంలో ఎవరి తప్పూ లేదని తెలిసింది."

లైబ్రేరియన్ వెంకటసుబ్బారావు గారు కళ్ళజోడు సర్దుకుని చదివారు.

"ఎవరి తప్పూ లేకుండా పత్రిక దానంతటదే జాకెట్టు మెడలాగా చిరిగిందటయ్యా?"

"మీకెలా తెలుసండీ?"

"మార్త చెప్పింది. కనుక్కుంటానని ఎవరో మాటిచ్చారని కూడా చెప్పింది. ఎవరో పేరు మాత్రం చెప్పలేదు. నీలాగా బోర్డెక్కించే అలవాటు ఆ అమ్మాయికి లేనట్టుంది."

సంజీవరావు తల వంచుకుని వెళ్ళిపోయాడు. చిన్న అక్షరాల వార్త ఎవరూ చదవలేదు. ఎగతాళి మాత్రం క్లాసు నుంచి క్లాసుకి నడిచింది. గురువారం కిటికీ పక్క బల్ల ఖాళీగా ఉంది. మూడో పేజీ ఎవరూ పట్టుకోక బల్ల మీద పడి ఉంది. అతను దాన్ని ముట్టుకోలేదు.

*

శుక్రవారం మధ్యాహ్నం లైబ్రరీలోకి తెల్ల ధోవతి, గొడుగుతో పెద్దమనిషి ఒకాయన వచ్చారు. వెనకాల మార్త. ఏడ్చిన కళ్ళు.

"నా పేరు ఏసుపాదమండీ, మార్త తండ్రిని" అన్నారు లైబ్రేరియన్ గారితో. "టి.సి. తీసుకుంటున్నాం. మా అమ్మాయి దగ్గర మీ పుస్తకాలేవీ లేవని సంతకం పెట్టాలట."

"కూర్చోండి మాస్టారూ" అన్నారు వెంకటసుబ్బారావు గారు. "నా కలం కనిపించటం లేదు, వెతకాలి." కలం ఆయన జేబులోనే ఉంది. ఆయన చూపు మాత్రం అలమారా పక్కన కొయ్యబారిపోయిన సంజీవరావు మీద ఉంది.

గుమ్మం దాటి పారిపోతే ఎవరూ పట్టుకోరు. గుమ్మం దాటాడు కూడా. బయట బోర్డు ఎదురైంది. అక్కడ ఆగిపోయాడు. ప్రదర్శన చూడటానికి వచ్చిన జనం చూస్తుండగానే పుస్తక ప్రదర్శననీ, వక్తృత్వ పోటీనీ కూడా తుడిచేశాడు. బోర్డంతా నిండేట్టు రాయటం మొదలుపెట్టాడు.

"మంగళవారం నేను ఇక్కడ రాసింది అబద్ధం. పత్రికను ఇంటికి తీసుకువెళ్ళింది నేను. దానికి కత్తెర పడింది మా ఇంట్లో. మార్త గారికి ఏ సంబంధమూ లేదు. ఆమెను అడిగే ధైర్యం లేక రాశాను. నిజం తెలిశాక కూడా మూడు రోజులు దాచాను. అందుకు సిగ్గుపడుతున్నాను. సంజీవరావు, బి.ఏ. రెండో సంవత్సరం."

ఎవరో ఈల వేశారు. ఇంకెవరో "మన కార్యదర్శి ఇంట్లో కత్తెరుందిరోయ్" అన్నారు. సంజీవరావు కదల్లేదు. నాలుగు రోజులుగా మార్త ఇవే నవ్వుల్లో నడిచిందని అప్పుడు బాగా అర్థమైంది.

గుంపులోంచి ఏసుపాదం మాస్టారు ముందుకొచ్చారు. మొదటి అక్షరం నుంచి చివరి దాకా, పరీక్ష కాగితం దిద్దినంత నిదానంగా చదివారు.

"చేతిరాత బాగుంది అబ్బాయ్. బుద్ధి కూడా అంత గుండ్రంగా ఉంటే బాగుండేది."

"తప్పయిపోయిందండీ."

"నాకెందుకు చెబుతావు? నీ గాజుల కథలో నేను లేనుగా."

సంజీవరావు మార్త వైపు తిరిగాడు. ఈసారి మాట బయటికొచ్చింది.

"మార్త గారూ, నన్ను క్షమించండి. ఆ రోజే చెప్పాల్సింది. భయపడ్డాను."

అప్పుడే గేటు వైపు నుంచి సంపూర్ణమ్మ వచ్చింది. ఒక చేతిలో కాగితపు మెడ, ఇంకో చేతిలో గిన్నెడు మైదా జిగురు.

"పేపరు కోసినదాన్ని నేనండీ" అంది అందరికీ వినపడేట్టు. "ఇది వెనక మెడ అని కనిపెట్టింది ఎవరమ్మా?"

"నేనేనండీ" అంది మార్త.

"కుట్టు వచ్చా?"

"మా అమ్మ నేర్పిందండీ."

"మంచి కన్ను తల్లీ నీది. మావాడికి అది లేదు."

మార్త పెదవి చివర చిన్న నవ్వు కదిలింది. ఏసుపాదం మాస్టారు అది చూశారు. గొడుగు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నారు.

"ఏమ్మా, సంతకం పెట్టించమంటావా?"

"వద్దు నాన్నా. పరీక్షలు రాస్తాను."

లోపల వెంకటసుబ్బారావు గారికి కలం దొరికింది.

*

మర్నాడు కిటికీ పక్క బల్ల దగ్గర మార్త కూర్చుంది. శనివారం పాత పేపరు మూడో పేజీ, జిగురు అతుకుతో సహా, ఆమె ముందుంది. సంజీవరావు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. చుట్టూ తలలు లేచాయి.

"మూడో పేజీ ఇస్తారా అండీ?"

"ఇన్నాళ్ళూ ఇది అడగటానికేనా మీ అవస్థ?"

"ఇంకొకటి కూడా ఉందండీ." చెవులు మళ్ళీ వేడెక్కాయి. "మీరంటే నాకు ఇష్టం."

మార్త పేజీ అతని వైపు జరిపింది. కళ్ళెత్తలేదు గానీ బుగ్గలు ఎర్రబడ్డాయి.

"నాకు మీమీద కోపం ఇంకా పోలేదు. పరీక్షలయ్యేలోపు పోతుందేమో చూస్తాను. పోతే మా నాన్నగారిని అడగండి. బోర్డు మీద మాత్రం రాయకండి."

కోపం పోవడానికి ఆఖరి సంవత్సరం పరీక్షలు కూడా అయిపోవాల్సి వచ్చింది. అతను గుంటూరులో గుమాస్తా ఉద్యోగంలో చేరిన వేసవిలో తల్లీకొడుకులు కూచిపూడి బస్సెక్కారు. దారి పొడుగునా సంజీవరావు పెదవులు కదుపుతూనే ఉన్నాడు.

"నన్ను అడగమంటావుట్రా?" అంది సంపూర్ణమ్మ.

"వద్దమ్మా. నేనే అడుగుతాను."

ఏసుపాదం మాస్టారు అరుగు మీద పిల్లల పలకలు దిద్దుతున్నారు. తలెత్తి అతన్ని పైనుంచి కిందిదాకా చూశారు. లోపల తలుపు వెనక గాజులు చప్పుడయ్యాయి.

"ఏం అబ్బాయ్, సుద్దముక్క తెచ్చుకున్నావా?"

"లేదండీ. అడగటానికి వచ్చాను."

మాస్టారు పలక పక్కన పెట్టి అరుగు మీద చోటిచ్చారు.

"అయితే కూర్చుని అడుగు. వింటాను."